చంకనెక్కిన మొక్కుకోడి

కోళ్ళు పొడుస్తాయని అందరికీ తెలుసు. మా పుంజు పొడిచేది కాదు, కొరికేది. పొడవడం అంటే టక్కుమని ఒక దెబ్బ వేసి వదిలేయడం. ఇది అలా వదిలే రకం కాదు. ముక్కుతో చర్మం పట్టుకుని, చెవి మెలిపెట్టే అయ్యవారిలా మెలి తిప్పేది. అదీ ఎత్తుకున్నప్పుడు మాత్రమే. నేల మీద ఉన్నంతసేపూ మహా బుద్ధిమంతుడు. పక్కనే నిలబడి నూకలు ఏరుకుని తినేది, మన కాళ్ళ మధ్య నుంచి దర్జాగా నడిచి పోయేది. పొరపాటున చెయ్యి పోనిచ్చి ఎత్తామా, అయిపోయినట్టే మన పని. నా కుడిచేతి బొటనవేలి పక్కన ఇప్పటికీ చిన్న తెల్లమచ్చ ఉంది. ఎవరైనా అడిగితే కత్తిపీటతో తెగిందని చెబుతాను. కోడి కొరికిందంటే నమ్మరు, నమ్మినా నవ్వుతారు.

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో, బస్టాండు వెనక సందులో. మా నాయన ఒక లాడ్జిలో గదుల తాళంచెవులు ఇచ్చే ఉద్యోగం చేసేవాడు. మా సందులో కోడి అంటే ఆదివారం కూరే తప్ప దానికీ కోపతాపాలు ఉంటాయని నాకు తెలియదు. మొక్కు అన్నా అంతే. మా ఇంట్లో మొక్కంటే అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు పోవడం, గుండు కొట్టించుకుని రావడం. కాళ్ళ నొప్పులు రెండు రోజుల్లో తగ్గుతాయి, జుట్టు మళ్ళీ మొలుస్తుంది. మొక్కుకు రెక్కలూ ముక్కూ ఉంటాయనీ, అది మనల్నే కొరుకుతుందనీ పెళ్ళయి అత్తగారింటికి వచ్చాక గానీ తెలియలేదు.

ఇది తొంభైల చివర్లో మాట. మా అత్తగారిది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. మా ఆయన చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే బస్సులో కండక్టరు. తెల్లవారకముందే పోతే మళ్ళీ దీపాలు పెట్టాక వచ్చేవాడు. పగలంతా ఇంట్లో మా అత్త, మామ, నేను. 'అత్తలో మంచి, వేపలో తీపి ఉండవు, సూసి మసులుకో' అని మా అమ్మ బస్సెక్కించేటప్పుడు చెప్పి పంపింది. నిజం చెప్పాలంటే మా అత్త చెడ్డదేమీ కాదు. నన్ను ఒక్క మాట అనేది కాదు. కాకపోతే ఆ ఇంట్లో ప్రతి చెంబుకూ ఒక చోటుండేది, ఆ చోటేదో ఆమెకు మాత్రమే తెలుసు. నేను ఏ వస్తువు ఎక్కడ పెట్టినా కాసేపటికి అది తన పాత చోటికి వెళ్ళిపోయేది.

"ఏం మే, సంగటి తెడ్డు ఈడ పెట్టినావా?" అని నవ్వుతూ అడిగి తీసి పెట్టేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. తిడితే నేనూ నాలుగు అనేదాన్ని, నాకు నోరేం తక్కువ కాదు. తిట్టని మనిషితో ఎలా పోట్లాడాలి? మా నాయన లాడ్జిలో దిగిన యాత్రికురాలిలా ఉండేది నా బతుకు. అన్నీ వాడుకోవచ్చు, ఏదీ నాది కాదు.

ఆ ఇంటి ప్రాణమంతా చెరుకు తోట మీద, ఆ తోట ప్రాణం నీళ్ళ మీద. పాత బావి ఎండిపోయింది. అంతకు ముందు వేసిన బోర్లలో నీళ్ళకు బదులు తెల్లటి రాతిపొడి పొగలా లేచింది. శివరాత్రి వెళ్ళాక, ఇదే ఆఖరు అనుకుని, మళ్ళీ బోరు లారీని పిలిపించారు. పూజ దగ్గర మా అత్త టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంట్లో కొత్తగా అడుగుపెట్టిన చెయ్యి. నువ్వే కొట్టు మే."

కొట్టాను. సమంగా పగిలింది. మా అత్త ఊరి గంగమ్మ గుడి వైపు తిరిగి చేతులెత్తింది. "తల్లీ గంగమ్మా, నీళ్ళు సూపించు. మా ఇంట్లో మంచి పుంజును ఈ పిల్ల చేతులతోనే ఎత్తుకొచ్చి నీకిస్తాము" అనేసింది. చేతులు నావి, మాట ఆమెది. నన్ను అడిగిందీ లేదు, పెట్టిందీ లేదు.

మధ్యాహ్నానికి ఆ రాతిపొడిలోంచి బురద నీళ్ళు ఎగజిమ్మాయి. మా మామ తలపాగా విప్పి గాల్లోకి విసిరాడు. మా అత్త ఆ బురద నీళ్ళలోకి వెళ్ళి నిలబడి, రెండు చేతులా పట్టి, పసుపు పూసుకున్నట్టు మొహానికి పూసుకుంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను మాత్రం గట్టిగా నవ్వాను. అంతా తడిసి ముద్దయి ఇంటికి వచ్చాం. నా చేతుల మీద పెట్టిన మొక్కు సంగతి ఆ సంబరంలో ఎవరికి గుర్తుంటుంది?

మా అత్తకు గుర్తుంది. మర్నాడు పొద్దున్నే కోళ్ళ గంప ఎత్తి, ఆ ఏడు ఎదుగుతున్న పుంజు పిల్లల్లో ఒకదాన్ని ఏరింది. ఎర్రటిది. తోకలో నల్ల ఈకలు అప్పుడప్పుడే వంపు తిరుగుతున్నాయి. కూత ఇంకా కుదరలేదు, 'కొక్కొరొ' దాకా వచ్చి గొంతు పట్టేసేది. దాని కాలికి నా చేత పసుపు గుడ్డ కట్టించి, నియమాలు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంక ఇది మన కోడి కాదు, అమ్మది. దీన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా యాలాడదీయకూడదు. జాతరనాడు బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోవాల, టెంకాయ కొట్టిన చేతులతోనే. ఆడ పూజారి పసుపు నీళ్ళు సల్లుతాడు. అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మ తీసుకున్నట్టు."

"దులుపుకోకపోతే?"

మా అత్త గబగబా లెంపలేసుకుంది. "అట్లా మాట అనద్దు మే. అమ్మకు ఇష్టం లేదని అర్థం. ఇచ్చిన నీళ్ళు ఎనక్కి తీసుకుంటాది." మా పక్క పొలంవాళ్ళ బోరు ఆ నెలలోనే ఎండిపోయింది. అప్పటి నుంచి మా అత్త రోజూ తెల్లవారగానే తోటకు పోయి, గొట్టంలోంచి నీళ్ళు పడేదాకా నిలబడి చూసి వచ్చేది. ఆమె భయం ఆటకాదని నాకు అప్పుడే తెలుసు.

కొట్టకూడదు, తిట్టకూడదు అన్న సంగతి ఆ పుంజుకు ఎవరు చెప్పారో గానీ, వారం తిరక్కుండా దానికి తెలిసిపోయింది. మంచాలెక్కేది. ఆరబోసిన శెనక్కాయల మీద తిష్ట వేసేది. మిగతా కోళ్ళు 'హుష్' అంటే పరిగెత్తేవి, ఇది తల పక్కకు వంచి 'ఎవర్ని?' అన్నట్టు చూసేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా మామ సంగటి ముద్ద తింటుంటే ఎదురుగా వచ్చి కూర్చునేది. ఆయన ఒక చిటికెడు తుంచి దానికి వేసి, "మనకు ఆడబిడ్డ లేకపోయినా కొత్తల్లుడు వచ్చినాడు సూడు. కోప్పడేదానికి లేదు, పెట్టాల్సిందే" అనేవాడు. ఆ నాటి నుంచి దాని పేరు అల్లుడు.

అసలు యుద్ధం ఎత్తుకోబోయిన రోజు మొదలైంది. జాతర నాటికి నా చేతులకు అలవాటు కావాలి కదా అని, వెనక నుంచి మెల్లగా పోయి, గద్దలా పైనుంచి పట్టుకున్నాను. రెక్కలు టపటపా కొట్టుకుంటూ మెడ తిప్పి నా బొటనవేలి పక్కన కండ పట్టుకుంది. "ఓ యమ్మో!" అని అరిచి విసిరేశాను. అది నేల మీద వాలి, రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగి ఆ సగం కూత కూసింది. పొగరు చూడాలి దానిది. చేతిలోంచి రక్తం కారుతుంటే, తిట్టకూడదు కాబట్టి, వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని గోడను తిట్టాను.

మా అత్త పసుపు అద్దుతూ అంది. "పైనించి చెయ్యి వస్తే గద్ద అనుకుంటాది. పక్కనించి పోవాల. కిందికి వంగి, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి, రెక్కలు ఒంటికి అదిమి పట్టుకోవాల. ఇంగో మాట. కొరికితే చెయ్యి లాగద్దు. లాగితే వాడు గెలిచినట్టే."

"కొరుకుతా ఉంటే చెయ్యి ఎట్లా ఉంచేది అత్తా?"

"పండ్లు బిగబట్టుకో. మొగుడితో కాపరం చేసే ఆడదానికి ఇదొక లెక్కా?" అంది. ఆమె నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. ఇద్దరం నవ్వాం.

చెప్పినంత సులువా? పక్కనుంచి పోయాను, కొరికింది. వంగి పోయాను, కొరికింది. శెనగపప్పు చేతిలో పెట్టుకుని పోతే పప్పంతా తిని, ఆ తర్వాత కొరికింది. పండ్లు బిగబట్టి చెయ్యి లాగకుండా ఉంటే అదీ బిగబట్టి మెలి తిప్పేది. ఎవరు ముందు వదులుతారో చూద్దామన్నట్టు ఇద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకునేవాళ్ళం. రాత్రి మా ఆయన నా చేతులు చూసి, "బస్సులో చిల్లర ఇయ్యకపోతే కూడా జనం నన్నింత కొరకరు మే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాకు పంతం వచ్చింది. నేను తిరుపతి పిల్లను, తిరునాళ్ళ జనంలో మోచేతులతో దారి చేసుకుని పెరిగినదాన్ని. ఒక పుంజు పిల్లకు ఓడిపోతానా?

చివరికి ఉపాయం తువ్వాలుది. మా మామ పాత తువ్వాలు ఒకటి తీసుకుని, పక్కనుంచి దాని మీద కప్పి, తలా రెక్కలూ కలిపి చుట్టేసి ఎత్తుకున్నాను. చీకటైతే కోడికి కోపం ఉండదట. లోపల కిక్కురుమనలేదు. కాసేపు చంకలో పెట్టుకుని, నెమ్మదించాక దించాను. అలా నాలుగైదు రోజులు బాగానే జరిగింది. కానీ ఎండాకాలం ముదిరింది. మా వైపు వేసవి సంగతి చెప్పేదేముంది, బండలు పగిలే ఎండ. తువ్వాలు చుట్టేసరికి పుంజు నోరు తెరిచి ఎగపోయడం మొదలుపెట్టింది. నాకు భయం వేసింది. మొక్కుకోడి నా చేతుల్లో చస్తే ఇంకేమైనా ఉందా? గబగబా తొట్టి దగ్గరికి పోయి తువ్వాలు తడిపి పిండి మళ్ళీ కప్పాను.

అంతే. ఆ తడి తగలగానే దాని ఒళ్ళంతా మెత్తబడింది. మెడ చాచింది. కళ్ళు కింది నుంచి పైకి మూసుకుంది. గొంతులో 'కుర్రు కుర్రు'మని ఏదో చెప్పింది. నేను తువ్వాలు పక్కకు తీసి, తడి చేత్తోనే మెడ మీద, రెక్కల మీద రాశాను. కొరకలేదు. ముక్కు నా చేతికి ఆనించి కొరకకుండా ఊరికే ఉంది. నేను ఎంత పొంగిపోయానంటే, వంటింట్లో ఉన్న మా అత్తను కేక వేసి పిలిచాను.

"సూడు అత్తా! కొరకలే!"

మా అత్త తలుపు దగ్గరికి వచ్చి చూసి, "ముద్దొచ్చినప్పుడే సంకెక్కాలని వాడికి తెలిసినట్టుండాది" అని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి రోజూ అదే పని. మధ్యాహ్నం సంగటి తిన్నాక తొట్టి పక్కన కూర్చుంటే అదే వచ్చేది. పక్కనుంచి ఎత్తి, తడి తువ్వాలు కప్పి, కొంచెం కొంచెంగా నీళ్ళు చిలకరిస్తే, చంటిబిడ్డలా పడి ఉండేది. నేను దానితో అన్నీ మాట్లాడేదాన్ని. తెడ్డు ఎక్కడ పెట్టాలో, చెంబు ఎక్కడ పెట్టాలో, మా అమ్మ మీద బెంగ, మా ఆయన బస్సు ఆలస్యం, అన్నీ. అది ఒక్క మాటకూ ఎదురు చెప్పేది కాదు. చేతుల్లో ఉన్నంతసేపూ ఎంత తడిపినా ఈక కదిల్చేది కాదు. కిందికి దించి కాళ్ళు నేలకు ఆనగానే మాత్రం ఒళ్ళంతా ఉబ్బించి, తల నుంచి తోకదాకా విదిలించి, నా చీరంతా తడిపేది. ఇది మాకు రోజూ ఉన్న ఆటే. మా అత్త పంచలో కూర్చుని చింతపండు ఒలుస్తూ ఆ ఆట చూసేది.

పుంజు బాగా ఎదిగింది. కూత పూర్తయింది. నేను తప్ప ఇంకెవరు ఎత్తినా కొరికేది, మా మామను కూడా. నా గాజుల చప్పుడు వింటే గోడ దూకి వచ్చేది. నేను ఇల్లు ఊడుస్తుంటే వెనకే నడిచేది. ఆ ఇంట్లో నా వెనక నడిచే ప్రాణి అదొక్కటే. అది నాకు ఎంత ముద్దొచ్చేదో, ఒక కోడి మీద ఇంత ప్రేమ ఏమిటని నా మీద నాకే నవ్వు వచ్చేది.

ఒక సాయంత్రం ఊళ్ళో తప్పెట మోగింది. జాతర చాటింపు. నేను అప్పుడు పుంజును చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. తప్పెట చప్పుడుకు అది మెడ ఎత్తి చూసింది. ఇన్నాళ్ళూ నేను దీన్ని ఎందుకు మచ్చిక చేస్తున్నానో తెలియదా నాకు? తెలుసు. తెలిసీ మరిచిపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆయన అడిగితే తలనొప్పన్నాను. నాకు అది బతకాలని ఉంది, అంతే. కానీ పొద్దున్నే బోరు దగ్గర నిలబడి గొట్టం వంక చూసే మా అత్త మొహం గుర్తొస్తే నోరు రాలేదు. తోట నిండా చెరుకు లేత పచ్చగా లేచి ఉంది. 'మొక్కు మానేద్దాం అత్తా' అని ఎలా అనగలను? వచ్చి ఏడాదైనా నిండని కోడలిని.

జాతరనాడు పొద్దున్నే తలకు పోసుకుని, పసుపు చీర కట్టుకుని, పుంజును ఎత్తుకున్నాను. మా అత్త తల మీద పొంగలి తట్ట పెట్టుకుని ముందు నడిచింది. మా మామ వెనక. పుంజు నా చేతుల్లో కూర్చుని, పెళ్ళికి పోయే పెద్దమనిషిలా అటూ ఇటూ చూస్తూ వచ్చింది. దారిలో ఒకావిడ "కొరికే కోడిని ఎట్లా మచ్చిక చేసినావు మే?" అని ముచ్చట పడింది. నేను పుంజు మెడ నిమురుకుంటూ గబగబా ముందుకు నడిచాను.

గుడి ముందు వేపమండలు కట్టిన పందిరి. మొక్కుకోళ్ళు తెచ్చినవాళ్ళు వరసగా నిలబడ్డారు. పూజారి పసుపు నీళ్ళ బిందెలో వేపమండ ముంచి ఒక్కొక్క కోడి మీద చల్లుతున్నాడు. నీళ్ళు పడీ పడగానే ప్రతి కోడీ జలదరించి ఒళ్ళు విదిలించింది. విదిలించగానే జనం "గంగమ్మ తల్లీ!" అని కేక వేసేవాళ్ళు, ఆ కోడిని పక్కకు తీసుకుపోయేవాళ్ళు. పక్కన ఏముందో నేను చూడలేదు. నేల చూస్తూ నిలబడ్డాను.

మా వంతు వచ్చింది. పూజారి మండతో నీళ్ళు చల్లాడు. చల్లటి నీళ్ళు నా చేతుల మీదా దాని ఈకల మీదా పడ్డాయి.

పుంజు మెడ చాచింది. కళ్ళు మూసుకుంది. 'కుర్రు కుర్రు' అంది.

పూజారి మళ్ళీ ముంచి, ఈసారి దండిగా చల్లాడు. పుంజు ముక్కు నా చేతికి ఆనించి ఇంకా హాయిగా పడుకుంది. జనంలో ఎవరో "కోడి నిద్దరపోతా ఉండాదప్పా!" అన్నారు. నవ్వులు లేచాయి. నాకు అప్పుడు వెలిగింది. ఎండాకాలమంతా నేను చేసిన నిర్వాకం ఇదన్నమాట! నీళ్ళు పడితే జలదరించాల్సిన కోడికి నీళ్ళంటే జోలపాట అని నేర్పించి తీసుకొచ్చాను. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మా అత్త వైపు చూశాను. ఆమె మొహంలో రక్తం లేదు. పెదాలు కదులుతున్నాయి, చేతులు జోడించే ఉన్నాయి.

పూజారి అనుభవం ఉన్న మనిషి. నా చేతుల వంక చూసి, "ఎత్తుకుంటే ఎచ్చగా ఉండాది దానికి. కింద పెట్టు తల్లీ. కాళ్ళు నేలకానితే దులుపుకుంటాది" అన్నాడు.

అవును, దులుపుకుంటుంది. నాకు తెలుసు. కాళ్ళు నేలకు ఆనీ ఆనగానే తల నుంచి తోకదాకా విదిలిస్తుంది. మా అత్తకూ తెలుసు. రోజూ పంచలో కూర్చుని చూసింది కదా. నా చేతులు నేను దించుదామన్నా దిగడం లేదు. పుంజును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు. ఇంక తప్పదనుకుని వంగబోయాను.

"దించద్దు మే!"

మా అత్త గొంతు. జనమంతా తిరిగి చూశారు. ఆమె పొంగలి తట్ట మా మామ చేతికిచ్చి వచ్చి నా పక్కన నిలబడింది. "బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తామని మొక్కుకున్నా. ఎత్తుకునే ఇస్తాము. అమ్మకు కావాలంటే ఆ చేతుల్లోనే తీసుకుంటాది. ఇంగొక తూరి సల్లు సామీ" అంది. ఆమె గొంతులో వణుకు నాకొక్కదానికే వినిపించి ఉంటుంది.

పూజారి మళ్ళీ చల్లాడు. పుంజు ఒక కన్ను తెరిచి ఆయన వంక చూసి, మళ్ళీ మూసుకుంది.

పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన "అమ్మకు వద్దంటే వద్దు, బలవంతం యాడిది? బొట్టు పెట్టి పంపియ్యి అబ్బా" అన్నాడు. పూజారి పొంగలి తీసుకుని, టెంకాయ కొట్టి, కుంకుమతో పుంజు తురాయి మీద బొట్టు పెట్టబోయాడు. నేను "సామీ, పైనించి..." అనేలోగానే ఆయన బొటనవేలు దాని ముక్కులో ఉంది. ఆయన అరిచిన అరుపుకు తప్పెట కొట్టేవాడు కూడా ఆగిపోయాడు. పందిరంతా పడీ పడీ నవ్వింది. మా మామ అయితే పొంగలి తట్ట పట్టుకునే కింద కూలబడి నవ్వాడు. మా అత్త నవ్వలేదు.

గుడి నుంచి ఆమె ఇంటి దారి పట్టలేదు, తోట దారి పట్టింది. నేను పుంజును ఎత్తుకుని వెనకే నడిచాను. ఎండ నెత్తిన మాడుతోంది. ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో నాకు తెలుసు. 'నీళ్ళు ఎనక్కి తీసుకుంటాది' అన్న మాటే చెవుల్లో ఉంది.

బోరు దగ్గర మోటారు పెట్టె ముందు మా అత్త కాసేపు నిలబడింది. కరెంటు ఉన్న వేళే. చెయ్యి కొంగుకు తుడుచుకుని పచ్చ బొత్తాం నొక్కింది. మోటారు గుర్రుమంది. గొట్టం దగ్గింది. గాలి వచ్చింది, వట్టి గాలి. మా అత్త కళ్ళు మూసుకుంది. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత భళ్ళున నీళ్ళు పడ్డాయి. రోజూ పడేటంత లావుగా, తెల్లగా, కాలవలోకి.

మా అత్త ఆ గట్టు మీదే కూర్చుండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అడిగాను.

"ఎందుకత్తా దించద్దన్నావు? కింద పెడితే దులుపుకుంటాడని నీకు తెలీదా? ఇంత భయం పెట్టుకుని..."

మా అత్త కాలవలో కాళ్ళు పెట్టుకుని, నా వంక చూడకుండా చెప్పింది. "భయమే మే. ఇప్పటికీ భయమే. కానీ నువ్వు మా ఇంటికొచ్చినప్పటినించీ సూస్తా ఉండా. చెంబు నీది కాదు, చాట నీది కాదు, ఏది ముట్టుకున్నా ఎరవు సొమ్ము మాదిరి ముట్టుకుంటావు. నాదీ అని నువ్వు గట్టిగా పట్టుకున్నది ఈ కోడినొక్కదాన్నే. దాన్ని దించమని నా నోటితో ఎట్లా చెప్పేది?"

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె పక్కన కూర్చుని పుంజును గట్టు మీదికి దించాను.

కాళ్ళు నేలకు ఆనగానే అది ఒళ్ళంతా ఉబ్బించి, తల నుంచి తోకదాకా ఒక్క విదిలింపు విదిలించింది. గుడి పసుపు నీళ్ళన్నీ మా ఇద్దరి మొహాల మీదా పడ్డాయి.

మా అత్త ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. "దొంగనాబట్టా! ఇప్పుడు దులుపుకుంటావా?" నవ్వుతూనే లేచి గుడి వైపు తిరిగి చేతులెత్తింది. "సూసినావు కదా తల్లీ. నీ నీళ్ళ దగ్గరే దులుపుకున్నాడు. తీసుకున్నట్టే లెక్క. నీ కోడే, మా ఇంట్లో ఉంటాడు, అంతే తేడా."

ఇల్లు చేరే దారిలో నా చేతులు లాగుతున్నాయని చూసి, "ఇటియ్యి, నీకు నొప్పి పుట్టినట్టుండాది" అని తనే పక్కనుంచి వంగి, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి, నాకు నేర్పినట్టే ఎత్తుకుంది. పుంజు మెడ తిప్పి ఆమె ముంజేయి పట్టుకుంది.

"ఓ యమ్మో!"

"లాగద్దత్తా! లాగితే వాడు గెలిచినట్టే!" అని అరిచాను.

"గెలవనీ లేమే" అని చెయ్యి లాక్కుని, ఊదుకుంటూ అంది. "ఈపొద్దు వాడిదే గెలుపు. ఎత్తుకో, నీ కోడిని."